మా పక్కింటి జమీందారుగారు

మేం ఈ దేశం వచ్చి సెంబవాంగ్‌లో ఫ్లాట్ తీసుకున్న కొత్తల్లో మా పక్కింట్లోకి ఒక గ్రీకు పెద్దాయన వచ్చారు. ఆయన కూతురు ఇక్కడ ఓడలు బాగుచేసే కంపెనీలో ఇంజినీరు. భార్య పోయాక ఒంటరిగా ఉండొద్దని ఆ అమ్మాయే ఆయన్ని తెచ్చేసుకుంది. కూతురు పనికి వెళ్ళగానే ఆయన తలుపు బార్లా తెరిచి, ఇస్త్రీ చొక్కా నలగకుండా కుర్చీలో కూర్చుని, లావుపాటి పుస్తకాలు ముందేసుకుని తనూ ఒక పుస్తకం రాసుకునేవారు. నేను బ్యాంకు పని ఇంటినుంచి చేసే రోజుల్లో ఆయనకి ఫిల్టర్ కాఫీ ఇచ్చి వచ్చేదాన్ని. ఆ కాఫీ పుణ్యమా అని ఆయన కథ కొంచెం కొంచెంగా తెలిసింది.

ఎప్పుడో పూర్వం వెనిస్ వాళ్ళు ఆయన పుట్టిన దీవిని ఏలుతూ, ఆ కుటుంబానికి ప్రభువుల బిరుదు ఇచ్చారట. "ఆ బిరుదూ, వానొస్తే కారే ఇల్లూ మిగిలాయి. ఆ బిరుదు చెబితే మా ఊళ్ళో బస్సులో సీటు కూడా ఇవ్వరు," అని నవ్వేవారు. యూనివర్సిటీలో ప్రాచీన గ్రీకుల వాదవిద్య చెప్పేవారు. స్నేహితులు బలవంతం చేస్తే ఎన్నికల్లో నిలబడి, గెలిచి, మంత్రి కూడా అయ్యారు. సముద్రం ఒడ్డున పాత నాటకశాల రాళ్ళ మీద హోటల్ కట్టడానికి సంతకం పెట్టమంటే పెట్టలేదు. సొంత పార్టీవాళ్ళే ఎదురు తిరిగారు. రాజీనామా ఇచ్చి మళ్ళీ పుస్తకాల్లో పడ్డారు.

ఇదంతా ఒంగోలు నుంచి వచ్చిన మా అత్తయ్యకి చెబితే, "అంటే జమీందారుగారన్నమాట!" అంది. ఆ రోజునుంచి ఆయన ఎదురైతే చాలు, కొంగు సర్దుకుని నమస్కారం పెట్టేది.

అత్తయ్యకి వాషింగ్ మెషిన్ మీద నమ్మకం లేదు. నేతచీరలు చేత్తో ఉతికి, నీళ్ళు ఓడుతుండగానే కిటికీ బయట వెదురు బొంగుల మీద ఆరేసేది. ఒకరోజు ఎర్రచీర రంగు కారి, కింది అంతస్తు చైనీస్ ఆంటీ తెల్లదుప్పటి మీద పడింది. ఆవిడ ఆ దుప్పటి పట్టుకుని పైకి వచ్చేసింది.

"చూడు లా! నా దుప్పటి చూడు!" అంది, ఇక్కడివాళ్ళు మాట చివర 'లా' తగిలించే ఇంగ్లీషులో.

"నీళ్ళు కిందకి కాక పైకి కారతాయా?" అంది అత్తయ్య తెలుగులో.

నేను ఇద్దరి మధ్యా నిలబడి, ఎవరి మాట ఎవరికి చెప్పాలో తెలియక బిక్కచచ్చిపోయాను. అప్పుడు జమీందారుగారు బయటికొచ్చి ముగ్గుర్నీ లోపలికి రమ్మన్నారు. కుర్చీలు వేసి, మంచినీళ్ళిచ్చి, ఇద్దరూ చెప్పింది అడ్డు తగలకుండా విన్నారు. నేను అనువాదం చేశాను.

"మా క్లాసులో ఒక పద్ధతి ఉండేది," అన్నారు చివరికి. "ఇప్పుడు ఈవిడ తరఫున ఆవిడ వాదించాలి. ఆవిడ తరఫున ఈవిడ."

ఆంటీ ఏమనుకుందో, మరకపడ్డ దుప్పటిని భుజం మీద పైటలా వేసుకుని లేచింది. "నా చీర పాతది. మెషిన్‌లో వేస్తే చచ్చిపోతుంది. నేను ముసలిదాన్ని, పిండలేను. నన్నేం చెయ్యమంటారు?" అంది, అచ్చం అత్తయ్యలాగే చెయ్యి తిప్పుతూ.

అత్తయ్యకి నవ్వాగలేదు. తనూ లేచి నడుం మీద చేతులు పెట్టుకుని, "చూడు లా!" అని అరిచింది. తర్వాత మాటలు వెతుక్కుంటూ ఆ దుప్పటి అంచు పట్టుకుని చూసింది. గొంతు తగ్గింది. "మల్లెపువ్వులా ఉతుక్కుంది పాపం. నాకైతే ఏడుపొచ్చేది," అంది. అది వాదన కాదని తెలిసినా, ఆంటీకి అలాగే చెప్పాను. ఆవిడ అత్తయ్య చెయ్యి పట్టుకుంది.

మధ్యాహ్నం ఆంటీ బట్టలు తీసుకున్నాకే చీరలు ఆరెయ్యాలని ఒప్పందమైంది. ఇద్దరూ కలిసి నిమ్మకాయ పెట్టి రుద్దినా మరక పూర్తిగా పోలేదు. ఆంటీ ఆ దుప్పటినే పరిచి అత్తయ్యకి టీ ఇచ్చేది.

ఆ రోజు వాళ్ళు వెళ్ళాక జమీందారుగారు కుర్చీలు సర్దారు. "మా పార్లమెంటులో ఒకసారి ఇదే చేద్దామన్నాను. ఎగతాళి చేశారు," అన్నారు. "ఇన్నాళ్ళకి నా చదువు పనికొచ్చింది." ఆయన కళ్ళు మెరుస్తున్నాయి.

ఆ సంగతి బ్లాకంతా పాకింది. టీవీ గోల, గుమ్మం ముందు చెప్పులు, లిఫ్టులో సైకిళ్ళు, ఏ తగవొచ్చినా ఆయన దగ్గరికే వచ్చేవారు. ఆయన కోటు తొడుక్కుని మరీ కూర్చునేవారు. రాస్తున్న పుస్తకం మూలపడిందని కూతురు విసుక్కుంటే, "మళ్ళీ పదవిలోకి వచ్చానమ్మా, తీరికేదీ?" అన్నారట.