వద్దమ్మ ఐదు మాటలు

ఆవిడ అసలు పేరు జీతాల రోజున తప్ప ఎవరికీ గుర్తు రాదు. ఆ ఆటల బడిలో ఆడపిల్లలందరికీ ఆవిడ వద్దమ్మ. చీలమండ బెణికిన పిల్ల కుంటుకుంటూ వచ్చి "రేపు ఆడొచ్చా మేడమ్" అంటే "వద్దమ్మా". మోకాలు వాచిన పిల్ల "మెల్లిగా పరిగెత్తనా మేడమ్" అంటే "వద్దమ్మా". ఎదురుగా మేడమ్, వీపు తిప్పితే వద్దమ్మ. ఎవరో ఒకసారి గది తలుపు మీద సుద్దముక్కతో ఆ పేరు రాసిపోతే, ఆవిడ చెరపలేదు సరికదా, వంకరగా ఉన్న అక్షరాన్ని దిద్ది లోపలికెళ్ళింది.

పని ఫిజియోథెరపీ. మైదానం పక్కన, జనం కూర్చునే మెట్ల కింద గది. పైన ఎవరైనా గెంతితే కింద సున్నం రాలుతుంది. రెక్సిన్ చిరిగిన బల్ల, ఐస్ పెట్టె, కట్టు గుడ్డల చుట్టలు, మూలన తూకం యంత్రం. కోపం ముక్కు మీదే ఉంటుంది. ఇంట్లో కూడా అంతే. బస్సు నడిపే మొగుడు "నన్ను పెళ్ళాడతావా అని అడిగితే ఒక్కసారి సరే అన్నావు, మళ్ళీ ఆ మాట నీ నోట వింటే ఒట్టు" అని ఏడిపిస్తాడు. "ఆ ఒక్కసారి అన్నందుకే ఇంత అనుభవిస్తున్నా" అంటుంది ఆవిడ. మొగుడి దగ్గర ఆ కోపానికి నవ్వు దొరుకుతుంది. బడిలో దొరకదు.

ఒంటి దెబ్బలతో ఆవిడకి పేచీ లేదు. వాపు కంటికి కనిపిస్తుంది, నొక్కితే పిల్ల కెవ్వుమంటుంది. తలకు తగిలే దెబ్బతోనే వచ్చింది చిక్కంతా. ఫుట్‌బాల్‌లో బంతి కోసం ఇద్దరు ఎగిరి తలలు కొట్టుకుంటారు. రక్తం రాదు, ఒక్కోసారి బొప్పి కూడా కట్టదు, స్కాన్ తీస్తే శుభ్రంగా ఉంటుంది. లోపల మెదడు మాత్రం కుదుపు తినేసి ఉంటుంది. అది సర్దుకోకముందే ఇంకో దెబ్బ తగిలితే ప్రాణం మీదికి రావచ్చు. అందుకని తలకు దెబ్బ తగిలిన పిల్ల మళ్ళీ ఆడాలంటే వద్దమ్మ సరే అనాలి. ఆ బడిలో అది రూలు, కోచ్ అయినా దాటడానికి లేదు.

సరే అనే ముందు ఆవిడ పరీక్ష పెడుతుంది. తలనొప్పా, తిప్పుతోందా, వెలుతురు చూస్తే చికాకా అని అడుగుతుంది. నెలల పేర్లు వెనక నుంచి చెప్పిస్తుంది. కళ్ళు మూయించి ఒంటికాలి మీద నిలబెడుతుంది. అన్నిటికన్నా ముందు ఐదు మాటలు చెప్పి, మైదానం చుట్టూ పరిగెత్తించి, వచ్చాక ఆ ఐదూ తిరిగి చెప్పమంటుంది. గొడుగు, నిచ్చెన, తేనె, కిటికీ, ఏనుగు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఎంచుకున్న మాటలు. మారుస్తూ ఉండాలని శిక్షణలో చెప్పే ఉంటారు. ఎవరు గుర్తుపెట్టుకుంటారులే అనుకుంది. ఆ ఐదూ ఆవిడ నాలుకకి అలవాటైపోయాయి.

సరే, ఇక పిచ్చుక సంగతి. జట్టులో అందరికంటే చిన్నగా ఉండే పిల్లకి అందరూ పెట్టిన పేరు అది. చూడ్డానికి గుప్పెడంత ఉంటుంది, కాళ్ళు మాత్రం నేల మీద నిలవవు. సెమీఫైనల్లో తనకంటే మూరెడు పొడుగున్న పిల్లతో తల కొట్టుకుని పడింది. పడినంత వేగంగా లేచింది. లేచి, బంతి అందుకుని, సొంత గోల్ వైపు పరుగు తీసింది. మెట్ల మీద జనం పగలబడి నవ్వారు. వద్దమ్మ నవ్వలేదు. ఆట నడుస్తుండగానే మైదానంలోకి నడిచి పిల్ల చెయ్యి పట్టుకుంది.

"లేచింది కదా మేడమ్, ఆడనివ్వండి" అని గీత బయట నుంచి అరిచాడు కోచ్.

"లేచింది. ఎటు పరిగెడుతోందో చూశారా?" అని పిల్లని బయటికి తెచ్చేసింది.

ఎలాగో ఆ ఆట గెలిచారు. అక్కణ్ణుంచి కోచ్ ఆవిడ ప్రాణం తోడేశాడు. ఫైనల్ చూడ్డానికి దేశం జట్టుకి పిల్లల్ని ఎంపిక చేసేవాళ్ళు వస్తున్నారు. పిచ్చుక ఆడితే తీసుకుంటారని బడిలో అందరికీ తెలుసు, పిచ్చుకకి అందరికంటే ఎక్కువ తెలుసు. రోజూ పొద్దున్నే కోచ్ ఈల మెళ్ళో వేసుకుని గుమ్మంలో ప్రత్యక్షం. "స్కాన్ బాగుందన్నారు కదా, ఇంకేంటి మేడమ్? మా అమ్మాయిని చూడండి. గోల్ పోస్టుకి తల కొట్టుకున్నా వారం తిరక్కుండా నిలబడింది. దమ్ముండాలి."

ఆయన కూతురే జట్టుకి గోల్‌కీపర్. అందరూ గోడ అంటారు. సీజన్ మొదట్లో దెబ్బ తగిలితే వద్దమ్మే పరీక్ష పెట్టి సరే అంది. ఐదు మాటలూ గడగడా చెప్పింది పిల్ల. ఈమధ్య మబ్బు పట్టిన రోజున కూడా టోపీ కళ్ళ మీదికి లాక్కుని తిరుగుతోంది. పైనుంచి వచ్చే బంతులు వదిలేస్తోందని "కళ్ళెక్కడ పెట్టుకున్నావే" అని తండ్రి అందరి ముందూ చీవాట్లు పెడుతున్నాడు. వద్దమ్మ ఆ టోపీని రోజూ చూసింది. వయసు పిల్ల, సోకులే అనుకుని ఊరుకుంది.

ఫైనల్ ముందు రోజు పొద్దున పిచ్చుకని పరీక్షకి పిలిచింది. బల్ల మీద కూర్చోబెట్టి "గొడుగు, నిచ్చెన, తేనె" అనేసరికి ఫోన్ మోగింది. ఐస్ పెట్టె బాగుచేసేవాడు. ఈ రోజు రానని మొదలుపెట్టి, ఎందుకు రాడో తన కుటుంబ చరిత్రంతా చెప్పాడు. వాణ్ణి నాలుగు తిట్టి ఫోన్ పెట్టేసింది. ఆ చిరాకులో "ఊఁ, పద, పరిగెత్తు" అని పిల్లని బయటికి తోలింది.

పిచ్చుక తిరిగొచ్చింది. నెలలు వెనక నుంచి చెప్పింది. ఒంటికాలి మీద కొంగలా నిలబడింది. తలనొప్పి లేదంది, తిప్పడం లేదంది. వద్దమ్మకి కూడా లోపల సంతోషంగానే ఉంది, ఎంత వద్దమ్మ అయినా పిల్ల ఆడితే చూడాలనే ఉంటుంది కదా. "ఇందాక చెప్పినవి చెప్పు" అని సంతకానికి పెన్ను తీసింది.

"గొడుగు, నిచ్చెన, తేనె, కిటికీ, ఏనుగు."

పెన్ను ఆగింది.

"మళ్ళీ చెప్పు."

పిల్ల ఐదూ మళ్ళీ చెప్పింది, ఇంకా వేగంగా.

"నేను నీకు చెప్పింది మూడే. కిటికీ, ఏనుగు ఎక్కణ్ణుంచి వచ్చాయే?"

తేలు కుట్టిన దొంగలా కూర్చుంది పిచ్చుక. వద్దమ్మ తలుపు వేసి, దానికి ఎదురుగా స్టూలు లాక్కుంది. కాసేపటికి ఒక్కో మాటా బయటికి వచ్చింది.

"హాస్టల్లో చేరిన రోజే అక్కలు చెప్తారు మేడమ్. ఏ కుళాయిలో వేడినీళ్ళొస్తాయి, తడి బట్టలు ఎక్కడ ఆరేసుకోవాలి, అవి చెప్తారు కదా, అప్పుడే ఇది కూడా."

"ఏది కూడా?"

"ఐదు మాటలు. చప్పట్ల ఆటలో పాడుకుంటాం. ఒంటికాలి మీద మెట్ల దగ్గర ప్రాక్టీస్ చేస్తాం. మీరు ఏం అడిగినా లేదు అనాలి."

వద్దమ్మకి అరికాలి మంట నెత్తికెక్కింది. తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడుంటాడని, ఈ జడల పిల్లలు తన తల తన్నారు. అది కాదు మంట. హాస్టల్ కిటికీల్లోంచి ఆ చప్పట్ల పాట ఆవిడే ఎన్నో సాయంత్రాలు విన్నది. గొడుగూ నిచ్చెనా అని వినపడితే, నా మాటలే పాటకట్టి వెక్కిరిస్తున్నారు కాబోలు, పోనీలే అని నవ్వుకుంటూ ఇంటికెళ్ళింది. ఒక్కరోజు ఆగి ఆలోచిస్తే తెలిసిపోయేది. సొంత చెంప వాయించుకోవాలనిపించింది ఆవిడకి.

గదిలో చుట్టూ చూసి కొత్తవి చెప్పింది. "దిండు, బకెట్, మేకు, మబ్బు, గంట." పిల్లని అటూ ఇటూ నడిపించి అడిగింది. పిచ్చుక "దిండు" అంది. ఆ తర్వాత నోరు తెరుచుకునే ఉంది, మాట రాలేదు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"తలనొప్పి ఉందా?"

"ఉంది మేడమ్. పొద్దున లేవగానే ఎక్కువ."

"మరి ఎందుకే దాచావు?"

"చెప్తే మీరు వద్దంటారు కదా."

వద్దమ్మ కాగితం పక్కన పెట్టి, పిల్లని పడుకోబెట్టి, కిటికీకి దుప్పటి కట్టింది. కడుతుండగా గుర్తొచ్చింది టోపీ. అంతే, చెప్పులు కూడా సరిగా వేసుకోకుండా అవే మెట్ల కింద ఆ చివరనున్న కోచ్ గదికి పోయింది.

కోచ్ బోర్డు మీద రేపటి పదకొండు పేర్లూ రాసి, వెనక్కి నిలబడి చూసుకుంటున్నాడు. ఆవిడ చెప్పిందంతా విన్నాడు.

"కోడిగుడ్డుకు ఈకలు పీకుతున్నారు మేడమ్. పిల్లలన్నాక ఏదో పాడుకుంటారు."

"పాడుకుని నా కళ్ళల్లో దుమ్ము కొట్టారు. పిచ్చుక ఆడదు. మీ అమ్మాయిని కూడా ఆ ఐదు మాటలే అడిగాను. ఇంకోసారి చూడాలి."

ఆయన మొహం ఎర్రబడింది. "పిచ్చుక లేకపోతే ఏడుస్తూ సర్దుకుంటాను. రేపు ఫైనల్ పెట్టుకుని గోల్‌కీపర్ని కూడా తీసేస్తారా? గోల్లో మీరు నిలబడతారా?"

"నిలబడతాను. ఇవ్వండి చేతి తొడుగులు. నాకు బంతి తగిలితే మీ జట్టు ఓడిపోతుంది, అంతేగా. ఆ పిల్లకి తగిలితే ఏం పోతుందో మీకు తెలీదా? తండ్రేనా మీరు?"

అనకూడని మాటే. అనేసింది, వెనక్కి తీసుకోలేదు.

"మీరంటే పిల్లలకి దడ" అన్నాడు ఆయన పళ్ళు బిగించి. "మీ మొహం చూస్తే నా పేరు నేనే మర్చిపోతాను. నేనే అడుగుతా. మీరు నోరెత్తొద్దు." గుమ్మంలోకి వెళ్ళి కూతుర్ని కేకేశాడు.

గోడ వచ్చింది. పొడుగాటి పిల్ల, వెడల్పాటి భుజాలు, టోపీ కళ్ళ మీదికి. తండ్రి గొంతు మార్చుకున్నాడు. "ఏం లేదు బంగారం, ఐదు మాటలు చెప్తాను, గుర్తుపెట్టుకో. తాళం, దువ్వెన, పాలు, బస్సు, అద్దం. అలా మెట్లెక్కి దిగి రా."

పిల్ల వెళ్ళింది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా నిలబడ్డారు. నెత్తిన మెట్ల మీద దాని అడుగులు వినిపించాయి, మధ్యలో ఆగాయి, మళ్ళీ కదిలాయి. తిరిగొచ్చి తలుపు చెక్క పట్టుకుని నిలబడింది.

"ఊఁ, చెప్పమ్మా."

"తాళం." ఆగింది. "పాలు."

"ఇంకా."

పిల్ల తండ్రి మొహంలోకి చూసింది. ఆ మొహం ఎప్పుడు మారుతుందో చిన్నప్పట్నుంచీ తెలిసిన పిల్ల. గబగబా అందుకుంది. "గొడుగు, నిచ్చెన, తేనె, కిటికీ, ఏనుగు నాన్నా."

"అవి కాదమ్మా. నేను చెప్పినవి."

"అవే కదా నాన్నా. ఎప్పుడూ అవే కదా."

కోచ్ దగ్గరికెళ్ళి టోపీ తీశాడు. ట్యూబ్‌లైటు వెలుతురు పడగానే పిల్ల కళ్ళు గట్టిగా మూసుకుంది.

"ఎప్పట్నుంచి ఇలా?"

"పోస్టుకి కొట్టుకున్నప్పట్నుంచి. లైటు గుచ్చుతుంది. పైనుంచి వచ్చే బంతి రెండుగా కనిపిస్తుంది. ఏది పట్టుకోవాలో తెలీదు."

"నాకెందుకు చెప్పలేదు తల్లీ?"

"దమ్ముండాలి అన్నావు కదా."

వద్దమ్మ వచ్చేదారిలో ఆయన కోసం గంపెడు తిట్లు కూర్చుకుంది. అవన్నీ అక్కడే ఉన్నాయి, కోపం కూడా రవ్వంత తగ్గలేదు, ఆయన మీదా తన మీదా. కానీ పిల్ల కళ్ళు మూసుకునే ఉంది. వెళ్ళి లైటు ఆపేసింది.

చీకట్లో పిల్ల కళ్ళు తెరిచి, తండ్రిని వదిలేసి ఆవిడ వైపు తిరిగింది. "రేపు ఆడొచ్చా మేడమ్? ఒక్క ఆట."

వద్దమ్మ నోరు తెరిచింది. ఈలోగా కోచ్ బోర్డు దగ్గరికెళ్ళి కూతురి పేరు మీద అరచెయ్యి పెట్టి తుడిచాడు, కింద పిచ్చుక పేరు కూడా తుడిచాడు. ఇటు తిరగలేదు.

"వద్దమ్మా" అన్నాడు.