రేకుల అతుకు

ప్రతి అతుకు దగ్గరా ఆయన చేసేది ఒకటే. మోకాలు ఆనించి కూర్చుంటాడు. కుడిచేతి తొడుగును పళ్లతో పట్టి లాగేస్తాడు. రెండు రేకులు కలిసిన చోట వేళ్ల కొసలు ఆనించి, ఈ చివరి నుంచి ఆ చివరిదాకా మెల్లగా జరుపుకుంటూ పోతాడు. అంచులో అంచు కూర్చుంటే వేలికి ఒక్క గీత తగులుతుంది. కూర్చోకపోతే చిన్న మెట్టు తగులుతుంది. గీత అయితే లేచి తల ఊపుతాడు. వెనకే బావమరిది వచ్చి స్క్రూలు బిగిస్తాడు.

వయసులో ఉన్నప్పుడు ఆయనది సెంట్రింగు పని. చెక్కలు బిగించడం, పైన పోసిన కాంక్రీటు గట్టిపడేదాకా ఆగడం, చెక్కలు ఊడదీసి మరో చోటికి మోసుకుపోవడం. చెక్క తీస్తే తప్పు కనపడేది. తిట్లు తిని, సిమెంటు పూసి, సరిచేసేవాళ్లు. తర్వాత ముడతల ఇనుప రేకులు వచ్చాయి. బీముల మీద పరిచి పైన కాంక్రీటు పోస్తే, రేకు ఇక స్లాబుతోనే ఉండిపోతుంది. తీయడమన్నది లేదు.

"కాపురానికొచ్చిన పిల్లలాగా బావా. ఇక పుట్టింటికి పోదు" అనేవాడు బావమరిది.

అక్కడే చీపురుతో రేకులు ఊడుస్తున్న అతని అక్క, ఆయన భార్య, తలెత్తేది. "నేనెక్కడికి పోనురా? పుట్టింటి వాడివి నువ్వే మా ఇంట్లో తిష్ట వేశావు."

ఎప్పుడు మొదలైందో ఆయనకే తెలియదు. స్క్రూలు బిగించే మిషను చాలా ఏళ్లు ఆయన చేతిలోనే ఉండేది. దాని అదురు వేళ్ల కొసల్లోంచి ఒక్కొక్కటే తీసుకుపోయింది. మొదట చల్లదనం. తర్వాత వేడి. ఆ తర్వాత నునుపూ గరుకూ. చొక్కా గుండీలు చూసుకుంటూ పెట్టుకోవడం అలవాటయింది.

ఒకరోజు పొయ్యి మీది గిన్నెను ఒట్టి చేతులతో దించి పక్కన పెట్టాడు. చీమ కుట్టినట్టయినా లేదు. భార్య చూసింది.

"కాలలేదూ?"

"లేదు."

"తోలు లేచిపోయిందయ్యా."

వేళ్లు తిప్పి చూసుకున్నాడు. "అయితే కాలే ఉంటుంది."

డాక్టరుకు చూపించుకోమంది. చూపిస్తే మేస్త్రికి తెలుస్తుంది. తెలిస్తే రేకుల మీదికి ఎక్కనివ్వడు. గేటు దగ్గర కాపలా కూర్చోబెడతాడు, లేదంటే ఇంటికి పొమ్మంటాడు. ఆయనకు వేరే పని రాదు. అందుకని తొడుగు లాగడం మానలేదు, వేళ్లు జరపడం మానలేదు. ఏ మెట్టూ తగలకపోతే అంతా గీతేనని తల ఊపేవాడు. ఏ మెట్టూ తగిలేది కాదు.

కాంక్రీటు పోసే రోజు వచ్చింది. పైన పైపులోంచి తడి కాంక్రీటు పడుతోంది. పనివాళ్లు దాన్ని పారలతో లాగుతున్నారు. కింది అంతస్తులో ఆయన భార్య ఒక్కతే స్క్రూ ముక్కలు ఏరుతోంది. మోచేతి మీద చుక్క పడింది. బూడిదరంగు సిమెంటు పాలు. తలెత్తి చూసింది. రెండు రేకుల నడుమ సందు. బరువుకు అది నోరు తెరుస్తోంది. స్క్రూలు పై రేకును పట్టుకున్నాయి గానీ కింది రేకు అంచును పట్టుకోలేదు.

"ఆపండి! పైన ఆపండి!"

ఆమె గొంతు విని పంపు ఆపారు. రేకు కింద జాకీలు నిలబెట్టి పైకి నెట్టారు. సందు మూసుకుంది. మేస్త్రి దిగివచ్చాడు.

"కింద ఎవరైనా ఉండి ఉంటే?"

"నేనే ఉన్నాను" అందామె.

మేస్త్రి పనివాళ్ల వైపు తిరిగాడు. "ఈ అతుకు ఎవరు చూశారు?"

బావమరిది ముందుకొచ్చాడు. "తప్పు నాదే మేస్త్రీ. స్క్రూ సరిగ్గా దించలేదు. నిద్ర చాల్లేదు."

"నీకా! నిలబడి గురక పెట్టే మనిషివి."

నలుగురూ నవ్వారు. మాట అక్కడితో తేలిపోయేదే. ఆయన నోరు మెదపకుండా ఉంటే చాలు. భార్య మోచేతి మీద చుక్క అప్పటికే ఎండుతోంది. ఆయన దాన్ని చూస్తున్నాడు.

"చూసింది నేను" అన్నాడు. "నా వేళ్లకు ఏమీ తెలియడం లేదు."

"ఎప్పటినుంచి?"

"అదీ తెలియదు."

నవ్వు ఆగింది. మేస్త్రి పైకప్పు వైపు చూశాడు. "దీని పై అంతస్తుకు పరిచిన రేకుల అతుకులన్నీ నువ్వే చూశావు కదా పెద్దాయనా?"

"నేనే."

"అన్నీ మళ్లీ చూసేదాకా అక్కడ కాంక్రీటు పోయను. ఎవరితో చూపిస్తావో నీ ఇష్టం. నీ సంగతి తర్వాత."

ఆ సాయంత్రం ఇంట్లో బావమరిది అలిగి గోడవైపు తిరిగి పడుకున్నాడు. భార్య కంచం పెట్టింది. ఆయన తిన్నాడు. ఏం తిన్నాడో అడిగితే చెప్పలేకపోయేవాడు.

"వాడు నెత్తిన వేసుకున్నాడు కదా. ఎందుకు చెప్పావు?"

"కింద నువ్వు ఉన్నావు."

"ఇన్నాళ్లూ కిందే ఉన్నానయ్యా" అంది ఆమె, కంచం తీస్తూ.

మర్నాడు పొద్దున ఆమె చీపురు తీసుకుని కింది అంతస్తుకు మళ్లుతుంటే, మెట్ల మీంచి పిలిచాడు. "చీపురు అక్కడ పెట్టు. పైకి రా."

ఇద్దరూ మొదటి అతుకు దగ్గర కూర్చున్నారు. ఆయన తొడుగు లాగాడు, అలవాటు కొద్దీ. ఆమె చెయ్యి పట్టుకుని వేళ్లు రేకు మీద పెట్టాడు. ఆ చెయ్యి వెచ్చగా ఉందో చల్లగా ఉందో ఆయనకు తెలియలేదు.

"నొక్కకు. ఊరికే జరుపు. ఏం తగులుతోంది?"

"గీత."

"ఒకటేనా?"

"ఒకటే."

జరిపాడు. ఆమె వేళ్లు ఒకచోట ఆగాయి. వెనక్కి వచ్చి మళ్లీ ఆగాయి.

"ఇక్కడ మెట్టులా ఉంది."

వెనకాల బావమరిది నిట్టూర్చాడు. "అయిపోయింది. ఇక నా స్క్రూలకి అక్క వంకలు పెడుతుంది."

"పెడతాను. విప్పు."

ఆయన ఆ చోట సుద్దముక్కతో గుర్తు పెట్టి, ఆమె చెయ్యి వదలకుండానే పక్క అతుకు దగ్గరికి జరిగాడు.