బిజ్జిగాడి పూనకం

1912 ప్రాంతపు మాట. మనవాళ్ళు చెరకు పనికి ఓడెక్కి వచ్చిన ఈ దీవిలో, సుయాక్ ఊరికి కాస్త ఎగువన, సముద్రపు గాలి చెరకు తోటల మీదుగా వీచే చోట ఒక పెద్ద ఎస్టేటు ఉండేది. అక్కడి పశువుల ఆసుపత్రిలో నేను కంపౌండర్ని. ఆసుపత్రి అంటే ఏదో ఊహించుకోకండి. రేకుల కప్పు, రాళ్ళు పరిచిన నేల, మందుసీసాల బీరువా, అంతే. చెరకు బండ్లు లాగే ఎద్దులూ, మిల్లు దగ్గర పనిచేసే కంచర గాడిదలూ నా రోగులు. డాక్టరు దొర వారానికొకసారి గుర్రబ్బండిలో వచ్చి చూసి పోయేవాడు. మిగతా రోజుల్లో ఏది కుంటినా, ఏది మేత మానినా నా నెత్తి మీదే. నా నోరు మంచిది కాదని అప్పుడూ అనేవారు, ఇప్పుడూ అంటున్నారు. రోజంతా కంచర గాడిదలతో మాట్లాడేవాడికి తియ్యటి మాటలు ఎక్కణ్ణుంచి వస్తాయి చెప్పండి!

ఒక మధ్యాహ్నం సింహాద్రి పరుగెత్తుకుంటూ వచ్చాడు. ఎస్టేటులో బండి తోలేవాడు, మెత్తటి మనిషి. రొప్పుతూ, "కంపౌండరు బావూ, బేగి రండి. మా బిజ్జిగాడికి అమ్మోరు పూనినాది" అన్నాడు.

"నీ పెళ్ళాం గంగమ్మకు కదయ్యా ఏటేటా పండగలో పూనేది? కుక్క మీదికి ఎప్పుడొచ్చింది?" అన్నాను.

"అదే నాకూ తెలీడం నేదు బావూ" అన్నాడు పాపం.

బిజ్జిగాడంటే వాళ్ళ కుక్క. మేనేజరు గారి భార్య దగ్గర తెల్లటి బొచ్చు కుక్క ఉండేది. అది ఈనితే, ఒక చెవి నిలబడి ఒకటి వాలిపోయిన పిల్లను ఆవిడ వద్దంది. చెరకులో కలుపు తీసే గంగమ్మ దాన్ని బుట్టలో వేసుకుని ఇంటికి తెచ్చుకుంది. దొరసాని దానికి ‘బిజూ’ అని పేరు పెట్టిందట, ఫ్రెంచిలో నగ అని. గంగమ్మ నోట్లో అది బిజ్జిగాడయింది. ఒకసారి గంగమ్మ జ్వరంతో చెరకు చాళ్ళ మధ్య పడిపోతే, మొరిగి మొరిగి మనుషుల్ని తీసుకొచ్చింది వాడే. అప్పట్నుంచి ఆవిడ తిన్న ప్రతిదాంట్లోనూ వాడికి వాటా ఉండేది.

నేను వెళ్ళేసరికి కుక్క వాకిట్లో పక్కకు పడి కాళ్ళు కొట్టుకుంటోంది. పళ్ళు గిట్టకరుచుకుపోయాయి, నోట నురగ. సింహాద్రి ఇంటి తాళంచెవుల గుత్తి తెచ్చి దాని ముందుకాలి కింద దోపుతున్నాడు. మనిషికి మూర్ఛ వస్తే చేతిలో ఇనుము పెట్టడం మనవాళ్ళకు అలవాటు కదా. పంజాలో అది నిలవక జారిపోతోంది, అతను మళ్ళీ దోపుతున్నాడు. అది చాలదన్నట్టు పక్కనే సీసాలో ఉల్లిరసం సిద్ధంగా ఉంది. ఎద్దులకు నేను డ్రెంచ్ ఇవ్వడం, అంటే సీసాతో మందు గొంతులో పోయడం, రోజూ చూసేవాడు. అదే వైద్యం ఇక్కడా మొదలుపెట్టబోయాడు.

"ఆ సీసా అవతల పెట్టు! ఇప్పుడు పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోయి చస్తుంది" అని అరిచాను. "నోటి దగ్గరకు చెయ్యి పోనివ్వకు. దాన్ని అలా వదిలెయ్యి."

"ఒగ్గీమంటే ఎలగ బావూ? ఆడు అలగ కొట్టుకుంటా ఉంటే?" అంది గంగమ్మ. ఆవిడ కంఠం ఎప్పుడూ కూలీల ఇళ్ళుండే క్యాంపంతా వినపడేది. ఆ రోజు మాత్రం పక్కనున్న నాకే సరిగ్గా వినపడలేదు.

కాసేపటికి కొట్టుకోవడం ఆగింది. కుక్క లేచి, కళ్ళు కనపడనట్టు గోడను గుద్దుకుని, కింద తడిపేసి, చివరికి గంగమ్మ వాసన పట్టుకుని ఆవిడ ఒళ్ళో తల పెట్టింది. దీన్ని మా వృత్తిలో ఫిట్ అంటారని, మెదడులో పుట్టే జబ్బని, ఆ సమయంలో కుక్కకు ఒంటి మీద తెలివి ఉండదని చెప్పాను.

"మళ్ళా వస్తాదా?"

"రావచ్చు."

"నయమవుతాదా?"

"డాక్టరు దొరను అడుగుతాను" అన్నాను. నయం కాకపోవచ్చని అప్పుడే చెప్పడానికి నోరు రాలేదు. మంచిది కాని నోరు కూడా ఒక్కోసారి అలా మూతపడుతుంది.

డాక్టరు దొర బ్రోమైడ్ రాసిచ్చాడు. నరాలను శాంతింపజేసే ఉప్పులాంటి మందు అది. ఫిట్లు తగ్గవచ్చు, పూర్తిగా పోతాయని మాట ఇవ్వలేనన్నాడు. గంగమ్మ దాన్ని అన్నంలో కలిపి పెట్టేది. అంతకన్నా పెద్ద సంగతి ఒకటి ఆవిడే కనిపెట్టింది. ఫిట్ వచ్చే ముందు వాడు తల తెచ్చి ఆవిడ మోకాలికి ఆనించి, ఎటో చూస్తూ ఉండిపోయేవాడు. "అలగ సూసినాడంటే సాలు, నాను కూకుండిపోతాను బావూ" అనేది.

అసలు చిక్కు జబ్బుతో రాలేదు, సర్దారుతో వచ్చింది. పొలం పనివాళ్ళ మీద పెత్తనం చేసే మనిషిని సర్దారు అనేవాళ్ళం. మా సర్దారు సూరన్న. పెద్ద తలపాగా, అంతకన్నా పెద్ద గొంతు. తలపాగాకు మట్టి అంటితే ఆ పూట పనివాళ్ళ పని అయిందే! కుక్క నురగలు కక్కిందని చెవిన పడగానే అతను మేనేజరు దగ్గరికి వెళ్ళి, క్యాంపులో పిచ్చి కుక్క ఉందని చెప్పాడు. అది ఇంకోసారి పడితే కాల్చెయ్యమని మేనేజరు ఆర్డరు వేశాడు. కంచర గాడిదల్ని కరిస్తే ఎస్టేటుకు నష్టం కదా. ఈ దీవిలో పిచ్చి కుక్క జబ్బు తానెన్నడూ చూడలేదని డాక్టరు దొర అనేవాడు. అయితేనేం, జబ్బు ఓడ ఎక్కకపోయినా భయం మనవాళ్ళతో ఓడ ఎక్కి వచ్చింది.

ఒక ఆదివారం పొద్దున్న క్యాంపు నీళ్ళ పంపు దగ్గర బిందెల వరుస ఉంది. నేను గిట్ట వాచిన ఎద్దును చూసి అటుగా వస్తున్నాను. ఉన్నట్టుండి బిజ్జిగాడు తల తెచ్చి గంగమ్మ మోకాలికి ఆనించాడు. ఆవిడ బిందె వదిలేసి కూర్చోబోయేలోగా వాడు రాళ్ళ మీద పడిపోయాడు.

"లిసియెం ఫోల్! లిసియెం ఫోల్!" అని ఎవరో అరిచారు. ఇక్కడి క్రియోల్ భాషలో పిచ్చి కుక్క అని. పిల్లల్ని ఎత్తుకుని తల్లులు పరుగు. ఒక రాయి వచ్చి పడింది, ఇంకొకటి గంగమ్మ భుజానికి తగిలింది. అంతలో సూరన్న వచ్చాడు, వెనక తుపాకీతో తోట కాపలావాడు.

"జరుగు గంగమ్మా. మేనేజరు ముస్యే ఆర్డరు."

"నన్ను కాల్సి ఆణ్ణి కాల్సు సర్దారు బావూ" అంది ఆవిడ, కదలకుండా.

నేను అడ్డం వెళ్ళాను. ఫిట్ అన్నాను, మెదడు అన్నాను, డాక్టరు దొర పేరు చెప్పాను. ఎవరు వింటారు? నాకు కోపమొచ్చింది. ఆడవాళ్ళ వైపు తిరిగి, "ఏమర్రా! పండగలో గంగమ్మకు అమ్మోరు పూనితే ఇలాగే రాళ్ళు వేస్తారా? అప్పుడేం చేస్తారో ఇప్పుడూ అదే చెయ్యండి!" అని కేకవేశాను.

ఏం అద్భుతమోగానీ, ఆ మాటకు చేతులు కదిలాయి. ఒకావిడ బిందెలు పక్కకు లాగేసింది. ఒకావిడ రాళ్ళు ఏరేసింది. మరొకావిడ తన పైట మడిచి వాడి తల కింద దోపింది. మిగిలినవాళ్ళు చుట్టూ నిలబడి జాగా ఇచ్చారు. వాణ్ణి ఎవరూ పట్టుకోలేదు, నోట్లో ఏదీ పెట్టలేదు, గట్టిగా మాట్లాడలేదు. డాక్టరు దొర నాకు నేర్పింది కూడా అంతే! ఇన్నాళ్ళూ నేను అరిచి చెప్పినా ఎక్కనిది వాళ్ళ చేతుల్లో ముందే ఉంది.

ఫిట్ ఆగింది. సూరన్న మాత్రం తుపాకీని వెనక్కి పంపలేదు. "అయితే నీళ్ళు ఎట్టండి. పిచ్చిదయితే ముట్టదు" అన్నాడు.

ఫిట్ నుంచి అప్పుడే తేలిన కుక్కకు నీళ్ళేవో నేలేదో తెలియదు. పైగా పిచ్చి కుక్క కూడా ఒక్కోసారి నీళ్ళు తాగుతుందని నేను చదువుకున్నాను. ఆ పరీక్షకు విలువ లేదు. కానీ అక్కడ నడిచేది ఆ ఒక్క పరీక్షే.

చిప్పలో నీళ్ళు పెట్టారు. బిజ్జిగాడు దాన్ని తొక్కి, ఒలకబోసి, అవతలికి పోయాడు. కాపలావాడు తుపాకీ సర్దుకున్నాడు. గంగమ్మ ఏడవలేదు, ఎవర్నీ తిట్టలేదు. ఇంట్లోంచి గంజి తెమ్మని మొగుడికి చెప్పి, తన దోసిట్లో పోయించుకుని, "దా నాయనా, దా బిజ్జీ" అంటూ వాడి ముక్కు దగ్గర పెట్టింది. వాడు వాసన చూశాడు. ఒకసారి నాకాడు. ఆ తర్వాత గంజి అయిపోయినా ఆవిడ వేళ్ళు నాకుతూనే ఉన్నాడు.

సూరన్న నన్ను పక్కకు పిలిచి, "కంపౌండరూ, ఓడ ఎక్కకముందు మా ఊర్లో నా తమ్ముణ్ణి కుక్క కరిసింది. నీళ్ళు సూసి కేకలెట్టి నా సేతుల్లోనే సచ్చిపోనాడు. నాను కుక్క మీద కోపంతో సేస్తన్నాననుకుంటన్నారా?" అన్నాడు. అప్పటిదాకా అలాగే అనుకున్నాను.

"దాన్ని నా కొట్టంలో క్వారంటైన్లో పెడతాను" అన్నాను. క్వారంటైన్ అంటే విడిగా కట్టేసి గమనించడం. "పిచ్చిదైతే కొద్దిరోజుల్లో బయటపడుతుంది, మొదట కరిచేది నన్నే. నువ్వే వచ్చి చూసుకో."

మేనేజరుకు సూరన్న ఏం చెప్పుకున్నాడో ఏమో, తుపాకీ మళ్ళీ రాలేదు. తను మాత్రం రోజూ పని దిగగానే వచ్చేవాడు. మొదట్లో గేటు దగ్గరే నిలబడి, "ఏటి, తింటందా?" అని అడిగి పోయేవాడు. తర్వాత కొట్టం దాకా వచ్చాడు. బిజ్జిగాడికి ఇవేవీ తెలియవు కదా, అతన్ని చూడగానే నిలబడే చెవీ వాలిపోయే చెవీ రెండూ ఊపుతూ తోకాడించేవాడు. గడువు అయిపోయిన రోజున గొలుసు విప్పింది సూరన్నే. "పోరా, మీ యమ్మ కాసుకున్నాది" అన్నాడు.

ఫిట్లు తగ్గాయి, పోలేదు. మరుసటి ఏడు అమ్మోరి పండగ. డప్పులు మోగుతున్నాయి, వేపాకు మండలు, దీపాలు, జనం. గంగమ్మకు పూనకం రావలసిన సమయం. కానీ బిజ్జిగాడు జనంలోంచి దూరి వచ్చి ఆవిడ మోకాలికి తల ఆనించాడు. ఆవిడ అమ్మోరిని పక్కన పెట్టి కింద కూర్చుండిపోయింది.

నేను లేచేలోపు పెద్ద గొంతు ఒకటి వినిపించింది. "డప్పు ఆపండి! దీపాలు తియ్యండి! జాగా, జాగా!" సూరన్న. జనాన్ని తోసుకుంటూ వచ్చి, తలపాగా విప్పి, మడతపెట్టి వాడి తల కింద పెట్టాడు. మిగిలిన కొస వాడి ఒంటి కింద పరిచాడు. ఆ కాసేపూ జాతరలో ఒక్క డప్పూ మోగలేదు. అందరం ఒక కుక్క కోసం ఊపిరి బిగబట్టుకుని కూర్చున్నాం.

కొట్టుకోవడం ఆగింది. ఎప్పటిలాగే వాడు తడిపేశాడు, ఈసారి సర్దారు తలపాగాను.

గంగమ్మ నాలుక కరుచుకుంది. "ఓలమ్మో! ఉతికి తెస్తాను సర్దారు బావూ, కోపం సేసుకోకు" అంది.

సూరన్న తలపాగాను చూడనైనా లేదు. వాడి వాలిన చెవిని వేలితో సవరిస్తూ, "ఊరుకోయే గంగమ్మా. గుంటడు ఎరిగి సేసినాడేటి?" అన్నాడు.

ఆ తర్వాత చాలా ఏళ్ళు ఆ పనిలో ఉన్నాను. ఫిట్లు వచ్చే జీవాన్ని పట్టుకుని, సిగ్గుతోనో భయంతోనో నా గుమ్మంలోకి ఎవరొచ్చినా బీరువా తెరిచి బ్రోమైడ్ తీసేవాణ్ణి. అయితే సీసా చేతికివ్వకముందు వాళ్ళను కూర్చోబెట్టి, సూరన్న అన్న ఆ మాటే చెప్పేవాణ్ణి.