ళ నేర్పే టీచరమ్మ

చిక్కడపల్లి బడిలో నా పక్క గదిలో ఒకటో తరగతి చెప్పే సీనియర్ టీచరమ్మకు 'ళ' అంటే ప్రాణం. నోరు తెరిచి, నాలుక ఎలా మడవాలో పిల్లలకు చూపించేది.

డిజిటల్ బోర్డు వచ్చిన కొత్తలో, అందులోని గొంతు "కళ్లు"ను "కల్లు" అని పలికింది. ఆమె సరిదిద్దింది.

"టీచర్, మీరే తప్పు చెప్తున్నరు. బోర్డు కల్లు అంటున్నది," అంది ఒక పాప. తరగతంతా బోర్డుతోనే గొంతు కలిపింది.

ఆ సాయంత్రం ఆమె నా గదికి వచ్చింది. "ఇగ నేనేం చెప్పినా దాన్నే అడుగుతరేమో మేడం. భయమైతున్నది," అంది.

"తప్పు మిషన్‌ది. మీరు పరేషాన్ కాకండి," అన్నాను.

కొన్నాళ్లకు ఆమె గది ముందు నుంచి వెళ్తూ ఆగాను. బోర్డు ఆపేసి ఉంది. ఆ పాపే పుస్తకం చూసి "కళ్లు" అని సరిగ్గానే చదివింది. టీచరమ్మ అవునని తలూపబోయి ఆగింది. బెదురుగా ఆ నల్లని తెర వైపు చూసింది.