ఆలస్యంగా వచ్చిన అక్షరాలు

ఆదివారం ప్రభువు బల్ల దగ్గర రొట్టె చేతిలోకి తీసుకున్నప్పుడల్లా తలెత్తి సంఘం వైపు చూడను. ఏళ్లుగా ఇంతే. ఎందుకో ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు.

నేను మా చర్చి సంఘంలో పెద్దను, వాక్యం చెబుతాను. వారమంతా తిరుపతిలో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో పని. ప్రోగ్రాములు రాసుకునే ఎడిటర్ ఒకటి మా వాళ్లు తయారుచేశారు. అది విండోస్, మ్యాక్, లినక్స్ అనే మూడు రకాల కంప్యూటర్లలో ఎలా నడుస్తుందో చూసి చెప్పడం నా వంతు. మొదటి రెండింటిలో శ్రద్ధగానే చూశాను. లినక్స్‌లో మాత్రం చిన్న ఫైలొకటి తెరిచి, నాలుగు వరుసలు కొట్టి మూసేశాను. మూడింటిలోనూ ఒకేలా ఉందని మీటింగులో చెప్పాను. మెచ్చుకున్నారు.

తర్వాత ఒకరోజు హాల్లో మూలనున్న లినక్స్ కంప్యూటర్ మీద మా ఎడిటర్‌లో పెద్ద ప్రోగ్రాం తెరిచాను. నేను కొట్టడం ఆపేశాక కూడా అక్షరాలు ఒక్కొక్కటే తెర మీదికి వస్తూనే ఉన్నాయి. చూశాను. లేచి వచ్చేశాను. అప్పుడే చెప్పి ఉంటే ఏమయ్యేది? నలుగురిలో ఒక మాట పడేవాణ్ణి. దానికే భయపడ్డాను.

మా కంపెనీ ఉద్యోగ పరీక్షలో మా ఎడిటర్‌లోనే ఒక పెద్ద ప్రోగ్రాం తెరిచి సరిచేయాలి. ఆ మూల కంప్యూటరే కరుణకు వచ్చింది. ఐరాల నుంచి వచ్చి తిరుపతిలో ఉంటున్న పిల్ల, మా సంఘమే. పరీక్షకు రమ్మన్నదీ నేనే. మిగతావాళ్లంతా విండోస్ మీద రాశారు. మేనేజరు ఆమె వెనక కాసేపు నిలబడి నా దగ్గరికి వచ్చాడు.

“ఏమప్పా, మీ సంగం పిల్ల నత్తకి అక్క మాదిరి ఉండాదే! ప్రార్థన చేసి పంపినావా, నిద్రబుచ్చి పంపినావా?”

నవ్వాను. అవును, నేనూ నవ్వాను.

బయట మెట్ల దగ్గర ఆమె నా కోసం ఆగింది.

“అన్నా, కాలేజీలో బాగానే కొడతా ఉంటినే. ఈడ నా చేతులు మొద్దుబారినాయి. నాకీ పని రాదేమోన్నా?”

ఆ కంప్యూటర్‌లో మా ఎడిటరే నిదానం అని ఒక్క మాట చాలు.

“దేవుని చిత్తం లేదేమోలే తల్లీ. ప్రార్థన చేసుకో” అన్నాను.

తల ఊపింది. నమ్మింది. నా బద్ధకాన్ని దేవుడి మీదికి తోసేశాను.

ఎడిటర్‌లో ఆ లోపం తర్వాత ఇంకెవరో కనిపెట్టారు, సరిచేశారు. కరుణ మాత్రం మళ్లీ అలాంటి పరీక్ష రాయలేదు. శ్రీ సిటీలో ఫ్యాక్టరీకి బస్సులో పోతోంది. సాక్ష్యం చెప్పేటప్పుడు “ఆ పొద్దు అన్న చెప్పిన మాటతోనే నిలబడినాను” అంటుంది. సంఘమంతా స్తోత్రం అంటుంది. నేనూ అంటాను. నిజం చెబితే పోయిన ఉద్యోగం రాదు, ఆమె ఆనుకున్న మాట కూడా పోతుంది అని నాకు నేను చెప్పుకుంటాను. ఇది ఆమె మీద దయా, నా పెద్దరికం మీద ప్రేమా? మోకాళ్ల మీద ఆ ప్రశ్న వచ్చినప్పుడల్లా తొందరగా ఆమెన్ అనేసి లేస్తాను.

దేవుడి దగ్గర ఒప్పుకోవడం తేలికే, ఆయనకు ముందే తెలుసు. ముఖం చూసి మనిషికి చెప్పడమే చేతకాలేదు. కాబట్టి ఇది చదివే మీకు చెబుతున్నాను. కరుణ చేతులు చురుకైనవే. తెరే వెనకబడింది. ఆ సంగతి పరీక్షకు ముందే నాకు తెలుసు.

రాసేశాను. ఆమెకింకా చెప్పలేదు.