కొవ్వూరు రేవులో నల్లపొగ

మా ఆవిడ సూరమ్మకు రెండు కళ్ళలోనూ పొర కమ్మింది. ముప్పై ఏళ్ళు నాతో పాటు బెల్లం పొయ్యి ముందు కూర్చుని చెరకు పిప్పి ఎగదోసిన మనిషి. కిందటేడు ఎడమ కన్ను పోయింది. ఈ ఏడు వానలు వెనకబట్టేసరికి కుడి కంట్లోనూ మనుషులు నీడల్లా కనిపించసాగారు. అప్పుడు మా మిషను బడి పంతులు గారు ఒక చీటీ తెచ్చి ఇచ్చారు. పొర కోసి తీసే డాక్టరు దొర ఒకాయన రాజమండ్రి మిషను బంగళాలో మకాం ఉన్నారు. శనివారం మధ్యాహ్నం రైలుకు వెళ్ళిపోతారు. అక్కడి నుంచి ఓడెక్కి వాళ్ళ దేశం పోతారు. ఆ రోజు పన్నెండు లోపల వస్తే కోసి కట్టు కడతారు, తర్వాత సంగతి కాంపౌండరు చూసుకుంటాడు. చీటీ మాకు గురువారం అందింది. అలా బయలుదేరాం. ఆ దారిన పోవలసిన వాళ్ళకు పనికొస్తుందని జరిగినది జరిగినట్టు రాస్తున్నాను.

తణుకు నుంచి నిడదవోలుకు ఎడ్లబండి కట్టించుకున్నాం. అర్ధరూపాయి. శుక్రవారం పొద్దున్నే ఎక్కితే కాలవగట్టు మీదుగా మధ్యాహ్నం దాటాక చేరాం. వానలకు గట్టు చెడి ఉంది, వచ్చే నెలలో అయితే ఇంకా తొందరగా పోవచ్చు. స్టేషను పక్కన సత్రం ఉంది. కుండ, కట్టెలు వాళ్ళే ఇస్తారు, బియ్యం మనం తెచ్చుకోవాలి. తెల్లవారి ఆరింటికి కొవ్వూరు రైలు. మూడో తరగతిలో గంట ప్రయాణం. కొవ్వూరు స్టేషను నుంచి రేవు దాకా ఇసకలో పావుగంట నడక. సూరమ్మ నా భుజం పట్టుకుని నడిచింది. నదిలో రైలు వంతెన స్తంభాలు లేస్తున్నాయి. అది పూర్తయ్యేదాకా ఆవిరి లాంచీయే దిక్కు. రేవులో తాటాకు పాక దగ్గర మనిషికి అణా ఇచ్చి టిక్కెట్టు తీసుకోవాలి. ఎనిమిదింటికి కదిలి తొమ్మిదింటికల్లా అవతలి ఒడ్డున దింపుతుందని పాకలో వాడు చెప్పాడు. మూడు గంటల వెసులుబాటు ఉందని నా గుండె కుదుటపడింది.

రేవు వదిలిన కాసేపటికే గొట్టంలోంచి పొగ రావడం మొదలైంది. పొగ రావలసిందే, కానీ మంచి మంటకు వచ్చే పొగ పలచగా, బూడిద రంగులో నిటారుగా లేస్తుంది. ఇది నల్లగా, ముద్దగా ఉంది. గొట్టం నోటి దగ్గరే మెలికలు తిరిగి కిందికి వాలి మా మీద పడుతోంది. బట్టల మీద మసి రాలింది. జనం దగ్గుతున్నారు. మా పక్కన చేపల గంపతో కూర్చున్న బెస్త ఆవిడ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని లాంచీ నడిపే సరంగును కేకేసింది.

“ఏవయ్యా సరంగూ, మమ్మల్ని రేవు దాటిస్తన్నావా, ఎండుచేపలు చేసి పొగ వేస్తన్నావా?”

“కట్టెలు పచ్చివమ్మా. కట్టెలు అమ్మినవాణ్ణి తిట్టు, నన్నెందుకు తిడతావు” అన్నాడు సరంగు. ఆయనకు ఖాకీ కోటు, నెత్తిన టోపీ. కట్టెలు వేసే పాత మనిషికి జ్వరమట. ఆ రోజు పెట్టినవాడు కొత్తవాడు. సరంగు అరిచినప్పుడల్లా వాడు ఇంకో నాలుగు కట్టెలు లోపలికి కుక్కుతున్నాడు. కుక్కిన కొద్దీ పొగ చిక్కబడుతోంది. లాంచీ మాత్రం నెమ్మదిస్తోంది.

సూరమ్మ నా మోచెయ్యి గిల్లింది. “మావా, పొగ ఏ రంగుగా ఉంది?”

“నలుపు.”

“మంట?”

కొత్తవాడు పొయ్యి తలుపు తీసినప్పుడు చూశాను. “ఎరుపు. నిద్రపోతున్నట్టుంది.”

“పచ్చి కట్టె కాదు మావా. పచ్చి కట్టెకి తెల్లగా వస్తది, కళ్ళు మండుతాయి. నా కళ్ళకి చూపు లేకపోయినా మంట తెలుస్తదిగా. ఇది గొంతులో మసి దిగుతుంది. కింద బూడిద నిండిపోయింది. గాలాడటం లేదు. వెళ్ళి చెప్పు.”

ఆమె చెప్పేసరికే నాకూ అదే తట్టింది. పొయ్యి అడుగున బూడిద పేరుకుంటే పైన ఎంత పిప్పి వేసినా పొగే గాని సెగ పుట్టదు. మా పొయ్యి దగ్గర గంటకోసారి లాగేస్తాం. కానీ నేను లేవలేదు. మా వైపు బెల్లం వండే వాళ్ళలో ఒక కట్టుబాటు ఉంది. పరాయివాడి పాకం పొయ్యి మీద ఉండగా ఆ మంట గురించి బయటివాడు నోరు తెరవకూడదు. తెరిస్తే పాకం విరుగుతుందంటారు, విరిగితే తప్పు ఆ మాట అన్నవాడి మీదికి పోతుంది. చిన్నప్పటి నుంచి అలా పెరిగాను. పైగా ఆయన కోటు, టోపీ. చెరకు పొయ్యి వాడికి ఇంజను సంగతి ఏం తెలుసంటారని కూడా అనిపించింది.

“పరాయివాళ్ళ పొయ్యి” అన్నాను.

“ఇది పాకం కాదు మావా, పడవ” అంది సూరమ్మ.

“చూద్దాం” అన్నాను.

చూస్తూ కూర్చున్నాను. ఆవిరి కొలిచే ముల్లు దిగిపోయింది. వరద తగ్గినా నీటికి ఇంకా లాగుడు ఉంది. లాంచీ ఎదురీదలేక ధవళేశ్వరం వైపు కొట్టుకుపోసాగింది. సరంగు ఒక లంక ఇసకదిబ్బ పక్కన లంగరు వేయించాడు. గొట్టంలో మసి పట్టిందేమోనని ఇనుప కడ్డీతో చాలాసేపు కొట్టించాడు. మసి రాలింది, పొగ తగ్గలేదు. నీళ్ళ గొట్టం కారుతోందేమోనని కిందికి దూరి చూశాడు. కారడం లేదు. కట్టెలన్నీ పక్కకు లాగించి ఎండువి ఏరించాడు. ఎండువి వేసినా అదే నలుపు. ఒకాయన జేబు గడియారం తీసి పదకొండు అన్నాడు.  సూరమ్మ లేచి చేతులు ముందుకు చాచి ఇంజను వైపు నడవబోయి చేపల గంప తట్టుకుని పడింది.

“అయ్యో, కళ్ళు లేని మనిషిని పంపిచ్చి నువ్వు కూర్చున్నావేంటయ్యా” అంది బెస్త ఆవిడ.

అప్పుడు లేచాను. కట్టెలు వేసేవాడి దగ్గరకు వెళ్ళి “బాబూ, కింద బూడిద లాగుతావా” అన్నాను. వాడికి వినిపించలేదు. సరంగు విన్నాడు.

“ఏంటండీ?”

“బూడిద.”

కింది తలుపు తీయించాడు. బూడిద కట్టెలు నిలిచే ఇనుప కమ్మీల దాకా దట్టించి ఉంది. ఆ తలుపు ఒకటుందనే కొత్తవాడికి తెలియదు. మూడు గంపలు నదిలో పోశారు. రెండు వక్కలు నమిలేంత సేపట్లో మంట తెల్లబడింది, పొగ పలచబడి నిటారుగా లేచింది. ముల్లు ఎక్కడం మొదలైంది.

“ఏంటండీ పెద్దాయనా, ఈ మాట పొగ మొదలైనప్పుడే చెప్పొచ్చుగా. నోట్లో బెల్లం గడ్డ పెట్టుకున్నారా?” అన్నాడు సరంగు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. సూరమ్మ నవ్వలేదు. ఆవిరి కూడి లంగరు ఎత్తుతుండగా అవతలి ఒడ్డు నుంచి పన్నెండు గంటలు వినిపించాయి. ఆమె వేళ్ళు ముడుచుకుంటూ లెక్కపెట్టింది.

రాజమండ్రి రేవు నుంచి మిషను బంగళాకు జట్కా రెండణాలు. మేము వెళ్ళేసరికి వంటమనిషి వరండా కడుగుతున్నాడు. చీటీ చూపించాను.

“ఇప్పుడే స్టేషనుకు వెళ్ళారండి. పన్నెండు దాటేదాకా పనిముట్ల పెట్టె మూయలేదండి, తణుకు వైపు నుంచి ఎవరో రావాలని.”

అదే జట్కాలో స్టేషనుకు తోలమన్నాను. ప్లాట్‌ఫారం మీదికి వెళ్ళేసరికి చివరి పెట్టె దాటిపోతోంది. సూరమ్మ నా భుజం మీద చెయ్యి వేసి “ఇదేనా?” అంది. ఇదేనన్నాను. “వెళ్ళిపోయిందా?” అంది. వెళ్ళిపోయిందన్నాను. వెనక్కి వచ్చేటప్పుడు అదే లాంచీ ముప్పావుగంటలో దాటించింది.

తర్వాత ఆ పని తెలిసిన దొర ఈ వైపు ఎవరూ రాలేదు. కాంపౌండరు కోత కోయలేనన్నాడు. కుడి కన్ను కూడా పోయింది. ఇప్పుడు సూరమ్మకు పగలు రాత్రి తేడా మాత్రం తెలుస్తుంది. ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది. ఎవరో ఒకరు పొరపాటు చేశారని సరిపెట్టుకుందామని చాలాసార్లు చూశాను. కొత్తవాడికి తెలియదు, సరంగుకు తోచలేదు. ఆ లాంచీలో సంగతి తెలిసినవాళ్ళం ఇద్దరమే, అందులో ఒకరికి నడవడానికి చూపు లేదు. నేను కట్టుబాటు పాటించాను. ఎవరి పాకమూ విరగలేదు.

రేవు దాటబోయే వాళ్ళకు నేను చెప్పగలిగింది ఒకటే. లాంచీ పొగ నల్లబడి కిందికి వాలితే కట్టెల మాట నమ్మి కూర్చోకండి, పొయ్యి కింది తలుపు తీసి బూడిద లాగమని అడగండి. గట్టిగా అడగండి, ఒడ్డు వదలక ముందే అడగండి.