ఇంటివాళ్ళు వచ్చాకే

బతుకంతా తాళాలు బాగుచేసిన పెద్దాయన ఇప్పుడు కన్నకూతుర్ని కూడా పోల్చుకోలేడు. చేతులు మాత్రం పని మరవలేదు. పొద్దున లేచింది మొదలు, కూతురు ఇచ్చిన పాత తాళం ఒళ్ళో పెట్టుకుని, చెవి దగ్గర ఆడించి, తుప్పును గోటితో గీకి, ఉఫ్‌మని ఊదుతుంటాడు. ఆమె అన్నం కలిపి తెస్తే, "పని వేళ ఏంటమ్మా ఈ గొడవ!" అని విసుక్కుంటూనే నోరు తెరుస్తాడు.

ఆ మధ్యాహ్నం ఆమె పొయ్యి మీద పాలు పెట్టి, ఆరిన బట్టలు తేవడానికి వాకిట్లోకి వెళ్ళింది. తిరిగి వచ్చేసరికి లోపల గడియ పడి ఉంది. కిటికీ ఊచలు పట్టుకుని, "నాన్నా, గడియ తియ్యి! పాలు పొంగుతున్నాయి!" అని అరిచింది. ఆయన నింపాదిగా వచ్చి ఆమెను ఎగాదిగా చూశాడు.

"ఇంటివాళ్ళు ఎదురుగా లేకుండా నేను ఏ తలుపూ తియ్యనమ్మా. మా పనిలో అది తప్పు."

"నేనే నాన్నా ఇంటిదాన్ని!"

"అందరూ అదే మాట చెబుతారు," అని నవ్వాడు.

పాలు మాడిన వాసన కిటికీ దాకా వచ్చింది. ఆమెకు ఏం చెయ్యాలో తోచక ఏడుపు ముంచుకొచ్చింది. అది చూసి ఆయన మనసు కరిగింది.

"ఏడవకు తల్లీ. ఆ మెట్టు మీద కూర్చో. మా అమ్మాయి ఇప్పుడే వచ్చేస్తుంది. అది ఊఁ అంటే చిటికెలో తీసేస్తాను."